సల్ల అవ్వ మూడు వందలు

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల్లో మా గుడిలో బైబిలు 51వ కీర్తన అందరం కలిసి చదువుతాం. చిన్నప్పటి నుంచీ నోటికి వచ్చిన కీర్తన. మూడో వచనం దాకా నేనూ గొంతు కలుపుతాను. నాలుగో వచనం దగ్గర ఆగిపోతాను. "నీకు కేవలము నీకే విరోధముగా నేను పాపము చేసియున్నాను" అని దావీదు రాజు దేవునితో అనే చోటు అది. ఆ మాట పైకి చదివి పదేళ్లయింది. పక్కన కూర్చున్నవాళ్లు గమనించారో లేదో తెలియదు.

కీర్తన పైన ఉన్న చిన్న పరిచయం చూస్తే అది ఎప్పటి ప్రార్థనో తెలుస్తుంది. దావీదు బత్షెబ దగ్గరికి వెళ్లాక, నాతాను ప్రవక్త వచ్చి నిలదీసినప్పటిది. అప్పటికి ఆమె భర్త ఊరియా చచ్చిపోయాడు. యుద్ధం ముమ్మరంగా ఉన్నచోట అతన్ని ముందు నిలబెట్టి మిగతావాళ్లు వెనక్కి తగ్గమని రాజు ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరాన్ని ఊరియా చేతికే ఇచ్చి పంపాడు. మరి "కేవలము నీకే" అన్నప్పుడు ఆ ఊరియా ఎటు పోయాడు? వేదాంతం చదివినవాళ్లు దీనికి జవాబు చెప్తారు. ఏ పాపమైనా చివరికి దేవుని మీదికే వెళ్తుంది, ఆ అర్థంలో అన్నాడని. ఆ జవాబు తప్పని నేననను. అయినా నా నోరు పలకదు. దానికి కారణం మా అమ్మ. అమ్మకన్నా ముందు, సల్ల అవ్వ.

కాజీపేట రైల్వే క్వార్టర్లలో పెరిగిన పిల్లలం మేము. నాన్న డీజిల్ లోకో షెడ్డులో ఫిట్టర్. సల్ల అంటే మజ్జిగ. సల్ల అవ్వ పొద్దున ఎనిమిదింటికల్లా మడికొండ నుంచి నడిచి వచ్చేది. నెత్తిన కుండ, నడుముకు చెక్కిన కొంగు, "సల్లో" అనే కేక లైను మొదట్లోనే వినిపించేది. గ్లాసుతో కొలిచి పోశాక ఒక గుక్కెడు కొసరు పోయకుండా ఎన్నడూ కదల్లేదు. ఆమెకు ఇంకో పేరు ఉంటుందని కూడా మాకెవరికీ తోచలేదు.

నాన్న పోయాక అమ్మ నా దగ్గరికే వచ్చేసింది, హనుమకొండకు. 2013లో పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి ఒక పక్కకు పోయి మాట ముద్దగా వచ్చేది. నేను హైస్కూల్లో తెలుగు టీచర్ని. పొద్దున అమ్మకు స్నానం చేయించి, తినిపించి, పనమ్మాయికి అప్పజెప్పి బడికి పోవడం, సాయంత్రం వచ్చి మళ్లీ చూసుకోవడం. అట్లా ఏడాది దాటాక సంఘ పెద్ద ఒకరు ప్రార్థన చేయడానికి ఇంటికి వచ్చారు. నుదుటికి నూనె రాశారు. లేవబోతూ, "అమ్మా, దాచిన పాపం ఏదన్నా ఉంటే దేవుని ముందు ఒప్పుకో. అదే అడ్డం పడుతున్నట్టుంది" అన్నారు. గట్టిగా ఏం అనలేదు. ప్రేమగానే అన్నారు. ఆ రాత్రి నుంచి అమ్మకు నిద్ర లేదు.

నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. బైబిలు తెచ్చి మంచం పక్కన కూర్చున్నాను. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం చదివాను. పుట్టుగుడ్డివాణ్ని చూసి శిష్యులు, ఎవరు పాపం చేస్తే ఇట్లా పుట్టాడు, వీడా, వీణ్ని కన్నవాళ్లా అని అడుగుతారు. వీడూ కాదు, కన్నవాళ్లూ కాదు అంటాడు యేసు. లూకా పదమూడు చదివాను. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోతే, వాళ్లు యెరూషలేములో మిగతా అందరికన్నా పాపులనుకుంటున్నారా అని ఆయనే ఎదురు ప్రశ్న వేస్తాడు. యోబు కథ చెప్పాను. ఎలీఫజు, బిల్దదు, జోఫరు, ఆ ముగ్గురు స్నేహితులు వచ్చి ఏడు రోజులు నేల మీద యోబు పక్కన ఒక్క మాట లేకుండా కూర్చుంటారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచిన దగ్గర్నుంచి నువ్వేదో చేసే ఉంటావు, ఒప్పుకో అనే రాగమే. చివరికి దేవుడు కోప్పడింది వాళ్ల మీద. యోబు వాళ్ల కోసం ప్రార్థన చేస్తేనే వాళ్లను వదిలిపెట్టాడు.

అమ్మ అన్నీ విన్నది. తల ఊపింది. నిద్ర మాత్రం రాలేదు.

ఇక రాత్రిళ్లు కథలు చెప్పడం మొదలుపెట్టాను. టీవీ వెలుగు అమ్మ కళ్లకు పడేది కాదు. నేను చదివినవాటిలోంచి ఏదో ఒకటి నా మాటల్లో చెప్పేదాన్ని. కాకతీయ యూనివర్సిటీలో ఎం.ఏ. చేసే రోజుల్లో లైబ్రరీ నుంచి తెచ్చుకుని నాలుగు రాత్రుల్లో చదివేసిన రష్యన్ రచయిత దొస్తయేవ్‌స్కీ "నేరము-శిక్ష" వారం రోజులు నడిచింది. 1866 నాటి నవల. రస్కోల్నికవ్ అనే పేద విద్యార్థి, వడ్డీకి అప్పులిచ్చే ముసలామెను గొడ్డలితో చంపుతాడు. ఆమె లోకానికి బరువు, గొప్పవాళ్లకు ఇట్లాంటి హద్దులుండవు అని తనకు తాను సర్దిచెప్పుకుంటాడు. అదే సమయానికి ఆమె చెల్లెలు లిజవెత ఇంటికి వస్తుంది. ఎవరికీ ఏ హానీ చేయని మనిషి, అక్క దగ్గర గొడ్డుచాకిరీ చేసే పిల్ల. ఆమెనూ చంపేస్తాడు. ఆ తర్వాత, ఇంట్లోవాళ్ల ఆకలి తీర్చడానికి ఒళ్లు అమ్ముకుంటున్న సోన్యా గదిలో, చిన్న కొవ్వొత్తి వెలుగులో, సోన్యా అతనికి బైబిల్లోని లాజరు కథ, చనిపోయినవాణ్ని యేసు సమాధిలోంచి లేపిన కథ, చదివి వినిపిస్తుంది. లాజరు చనిపోయి నాలుగు రోజులైందని అతని తోబుట్టువు మార్త చెప్పేచోట ఆ "నాలుగు" అన్న మాటను నొక్కి పలుకుతుంది. ఆ పుస్తకం సోన్యాకు ఎక్కడిదంటే, లిజవెత తెచ్చి ఇచ్చినది. వాళ్లిద్దరూ స్నేహితులు. సిలువలు కూడా మార్చుకున్నారు.

దొస్తయేవ్‌స్కీ ఊహించి రాసింది కొంత, అనుభవించి రాసింది కొంత. 1849 డిసెంబరు 22న అతన్ని కాల్చి చంపుతామని మైదానంలో నిలబెట్టి, చివరి నిమిషంలో శిక్ష మార్చి సైబీరియా పంపారు. ఓంస్క్ జైల్లో నాలుగేళ్లు గడిపాడు. దారిలో కొందరు ఆడవాళ్లు చేతిలో పెట్టిన కొత్త నిబంధన ఆ నాలుగేళ్లూ అతని దగ్గరే ఉంది. నవల చివర రస్కోల్నికవ్ తలగడ కింద ఉన్నదీ కొత్త నిబంధనే. సోన్యా లాజరు కథ చదివిన ఆ పుస్తకమే.

నేనెప్పుడూ దాన్ని రస్కోల్నికవ్, సోన్యాల కథగానే చదివాను. పాపం, పశ్చాత్తాపం, ఎనిమిదేళ్ల శిక్ష, నది ఒడ్డున కొత్త జీవితం. అమ్మకు అట్లాగే చెప్పి ముగించాను. అమ్మ కాసేపు కప్పు వంక చూసి, ముద్ద మాటలతో అడిగింది: "ఆ సచ్చిపోయిన పిల్లకు ఎవ్వరు లేరా బిడ్డా? ఆమె దిక్కు ఎవరన్న అడిగిండ్రా?"

ఎవరూ అడగలేదు. మర్నాడు పుస్తకం తీసి చూశాను. రస్కోల్నికవ్ ఒకచోట తనే ఆశ్చర్యపోతాడు, లిజవెత నాకు గుర్తే రావడం లేదేంటి, ఆమెను నేను చంపనే లేదన్నట్టు ఉందేంటి అని. అంతపెద్ద రచయిత ఆ మాట అతని చేత అనిపించాడంటే ఆ ఖాళీని చూశాడనే అర్థం. కానీ చూసి ముందుకు పోయాడు.

రెండు రోజుల తర్వాత అమ్మ నోరు విప్పింది. క్వార్టర్లలో ఉన్నప్పుడు చిట్టీ నడిపేది కదా, 1991లో, ఇరవై మంది, నెలకు యాభై, వెయ్యి రూపాయల చిట్టీ. సల్ల అవ్వ కూడా కట్టేది. పద్నాలుగు నెలలు ఒక్క నెల తప్పకుండా కట్టింది. ఆమె భర్తకు జబ్బు ముదిరి, ఈ నెల చిట్టీ నాకియ్యమ్మా అని వచ్చింది. అమ్మ పుస్తకం తెరిచి, నువ్వు ఎనిమిదే కట్టినవు, ఆరు నెలలు బాకీ ఉన్నవు అని చూపించింది. ఆరు కిస్తులు అమ్మ రాయలేదు. అవ్వకు చదువు రాదు. మూడు వందలు పట్టుకుని ఏడు వందలు చేతిలో పెట్టింది. అవ్వ పుస్తకం వంక చూసింది, అమ్మ వంక చూసింది, ఏడు వందలు కొంగున కట్టుకుని పోయింది. మర్నాడు మళ్లీ సల్ల తెచ్చింది. కొసరు కూడా పోసింది.

"ఎందుకు చేసినవమ్మా?" అన్నాను.

"నీ అద్దాలకు."

తొమ్మిదో తరగతిలో నాకు బోర్డు కనిపించేది కాదు. డాక్టరు ఫీజు, అద్దాలు, ఫ్రేము అన్నీ అప్పుడే అయ్యాయి. ఎం.ఏ. చదివింది, ఆ నవలలన్నీ చదివింది, ఉద్యోగం తెచ్చుకుంది ఆ అద్దాలు పెట్టుకున్న కళ్లే. ఆదిపాపం అన్న మాట నాకు ఎప్పుడూ మింగుడుపడేది కాదు. ఆదాము తింటే నాకేం సంబంధం అని సండే స్కూల్లో వాదించి టీచరమ్మతో తిట్లు తిన్నదాన్ని. ఆ సిద్ధాంతాన్ని గట్టిగా చెప్పిన అగస్టీను రాసినవి తర్వాత చదివినా లొంగలేదు. ఆ రాత్రి మటుకు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. నేను చేయలేదు. కానీ నేను తిన్నాను.

అయినా అమ్మను ఊరడించాలనే చూశాను. పేదరికంలో చేశావు, మూడు వందలే కదా, ఆ పాపానికి ఈ రోగమొచ్చిందని అనుకుంటున్నావా అన్నాను. అమ్మ ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు చదివి చెప్పింది నిజమే బిడ్డా. దానికి ఈ రోగం రాలె. రోగం రోగమే. కని పాపం ఉన్నది గదా. రోగం దానిది కాదంటే పాపం లేకుండ పోతదా?"

ఇంత చదువుకుని నేను చేసింది ఏమిటో అప్పుడు అర్థమైంది. ఆ పెద్దమనిషి అమ్మ బాధను పాపానికి బిల్లుగా మార్చాడు. నేను ఆ బిల్లు చింపేస్తున్నాననుకుని, అమ్మ మోస్తున్న తప్పును కూడా లేదనేశాను. ఇద్దరమూ అమ్మను చూస్తున్నాం, సల్ల అవ్వను ఎవరమూ చూడటం లేదు. లాజరుది నాలుగు రోజుల సమాధి. అమ్మది ఇరవై నాలుగేళ్లది.

జక్కయ్య కథ అమ్మే గుర్తు చేసింది. మేడిచెట్టెక్కిన పొట్టి మనిషి, సుంకం వసూలు చేసేవాడు. అన్యాయంగా ఎవరి దగ్గరైనా తీసుకుని ఉంటే నాలుగంతలు తిరిగిస్తానని నిలబడి చెప్పాడు. పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కున్న కథ నాతాను చెప్పినప్పుడు దావీదు వేసిన తీర్పు కూడా నాలుగంతలే. అంటే "కేవలము నీకే" అన్న ఆ రాజుకు, దోచుకున్నది దోపిడీకి గురైనవాడికి తిరిగివ్వాలన్న సంగతి తెలుసు. తప్పు ఇంకొకడిదైనప్పుడు తెలుసు. అమ్మ లెక్క కట్టింది: పన్నెండు వందలు.

ఆమె బతికి ఉందో లేదో అన్నాను. అప్పుడే విక్టర్ హ్యూగో నవల "లే మిజరబ్ల్"లోని పిల్లవాడి కథ చెప్పాను. 1862లో వచ్చిన పుస్తకం. రొట్టె దొంగతనంతో మొదలై పందొమ్మిదేళ్లు జైల్లో ఉండి బయటికొచ్చిన జాన్ వల్జాన్‌కు బిషప్పు వెండి కొవ్వొత్తి స్తంభాలిచ్చి కాపాడిన ఘట్టం అందరికీ తెలుసు. దాని వెంటనే జరిగేది చాలామంది మర్చిపోతారు. అంత కరుణ పొంది దారిన పోతూ, ఒక చిన్నపిల్లవాడి నాణెం దొర్లివస్తే దాని మీద కాలు పెట్టి ఇవ్వడు వల్జాన్. పిల్లవాడు ఏడుస్తూ పారిపోతాడు. కాసేపటికి వల్జాన్‌కు తెలివొచ్చి "పెతి జెర్వే" అని ఆ పిల్లవాణ్ని పేరు పెట్టి చీకటిపడేదాకా పిలుస్తూ వెతుకుతాడు. దొరకడు. తర్వాత మేయరై, డబ్బున్నవాడై, ఆ పిల్లవాడి ప్రాంతం నుంచి వచ్చే పిల్లలు ఎవరు ఊళ్లోకొచ్చినా పిలిచి, పేరడిగి, డబ్బిచ్చి పంపేవాడు.

"పిలగాడు దొరకనే లేదా?"

"లేదమ్మా."

"మరి నువ్వు వెతుకు."

2016 ఫిబ్రవరిలో నాలుగు ఆదివారాలు మడికొండ తిరిగాను. సల్ల అవ్వ పోయి పన్నెండేళ్లయింది. కూతురు ఏనుమాముల మార్కెట్ వైపు ఉంటుందని, మిర్చికి తొడిమెలు తీసే పనికి పోతుందని చెప్పారు. సీజన్ కదా, ఆ దారి పొడుగునా ఎర్రటి బస్తాలే, కళ్లు మండి తుమ్ములు ఆగలేదు. మొహానికి తువ్వాల కట్టుకున్న ఆడవాళ్లలో ఆమెను అడిగి పట్టుకున్నాను. మధ్యాహ్నం అన్నం వేళ, ఖాళీ గోనెసంచి మీద కూర్చుని మొత్తం చెప్పాను. తువ్వాల విప్పి, మొహం తుడుచుకుని, ఆమె అన్న మొదటి మాట, "మా అవ్వకు ఎరుకే."

"తనకు లెక్క రాదు కదా అక్కా?"

"లెక్క రాకపోవుడేంది చెల్లె? కట్టినప్పుడల్లా గోడ మీద సున్నంతోని గీత పెట్టేది. పద్నాలుగు గీతలు. నేనే చూసిన."

మరి ఎందుకు అడగలేదంటే, అడిగితే ఆ లైన్లో సల్ల ఎవరు కొంటారు అంది. భర్త ఆ నెలలోనే పోయాడని కూడా చెప్పింది. ఆ మూడు వందలుంటే ఏమయ్యేదని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. ఆ కొసరు, మర్నాడు పోసిన ఆ కొసరు, అప్పటిదాకా నేను క్షమాపణ అనుకుంటూ వచ్చాను. కాదని అక్కడ తెలిసింది. అది భయం. బతుకుతెరువు.

పన్నెండు వందలు రెండుసార్లు లెక్కపెట్టి కొంగున కట్టుకుంది. అమ్మను మాఫ్ చెయ్యమని అడిగాను. ఆమె నన్ను సూటిగా చూసింది. "పైసలు తీసుకుంట చెల్లె. అవి మావే. మాఫీ నేనెట్ల ఇస్త? అది మా అవ్వది."

బస్సులో కూర్చున్నాక ఇవాన్ కరమజోవ్ గుర్తొచ్చాడు. దొస్తయేవ్‌స్కీ చివరి నవలలో, హోటల్లో కూర్చుని తమ్ముడు అల్యోషాతో వాదించే ఇవాన్. ఎనిమిదేళ్ల పిల్లవాణ్ని తల్లి కళ్ల ముందే వేటకుక్కలకు వదిలిన జమీందారు గురించి చెప్పి అంటాడు: ఆ తల్లి తన బాధ మటుకు క్షమించుకుంటే క్షమించుకోనీ, పిల్లవాడు పడ్డ బాధను క్షమించే హక్కు ఆమెకు లేదు. అందుకు అల్యోషా, ఏ తప్పూ లేకుండా తన రక్తం ఇచ్చినవాడు ఒకడున్నాడు, అందరినీ అన్నింటికీ క్షమించగలిగేది ఆయనే అంటాడు. నేను అల్యోషా వైపు మనిషిని. క్రీస్తు చెల్లించాడు అన్నది నా విశ్వాసం, దాని మీదే నిలబడి ఉన్నాను. కానీ ఆ చెల్లింపు మీ అవ్వకు ముట్టింది అని, కళ్లు మండుతూ మిర్చి తొడిమెలు తీసుకునే ఆ కూతురితో నేను చెప్పలేను. అట్లా చెప్పమని ఆయన కూడా అడగలేదు. బలిపీఠం దగ్గర కానుక వదిలిపెట్టి ముందు నీ సహోదరునితో సమాధానపడు, తర్వాత రా అన్నాడు. పాపమంటే దేవునికి పడిన అప్పు అని అన్సెల్ము అనే క్రైస్తవ వేదాంతి తొమ్మిది వందల ఏళ్ల కిందట రాసినప్పటి నుంచీ మనం ఆ లెక్కే ఎక్కువ చూస్తున్నాం. మన తెలుగు పరలోక ప్రార్థనలోనూ ఆ మాటే, "మా ఋణములను క్షమించుము". రోజూ ఆ ప్రార్థన చెప్పే అమ్మకు ఇంకో పుస్తకం కూడా ఉందని తెలుసు.

టాల్‌స్టాయ్ ఈ విషయంలో నాకు ఎక్కువ నచ్చుతాడు. 1899లో వచ్చిన "పునరుత్థానం"లో, తను పాడుచేసిన కత్యూషా కోసం నెఖ్లూదవ్ ఆస్తి వదిలి సైబీరియా దాకా వెళ్తాడు. ఆమె మొదట్లోనే మొహం మీద అంటుంది, అప్పుడు నన్ను సుఖానికి వాడుకున్నావు, ఇప్పుడు నీ ఆత్మను రక్షించుకోవడానికి వాడుకోవాలని చూస్తున్నావని. చివరికి అతన్ని కాదని వేరే మనిషితో తన దారి తను చూసుకుంటుంది. లిజవెతకు దొరకని నోరు కత్యూషాకు దొరికింది.

ఇంటికొచ్చి అమ్మకు ఏదీ దాచకుండా చెప్పాను. సున్నం గీతలు, ఆ నెలలోనే పోయిన భర్త, మాఫీ మాట. అమ్మ ఏడ్చింది. చాలాసేపటికి, "సరిగనే చెప్పింది" అంది. చెయ్యి బాగుపడలేదు, కాలు బాగుపడలేదు. 2018లో పోయేదాకా అట్లాగే ఉంది.

ఆ 2016లోనే, మార్చి చివర్లో ఒక ఆదివారం, మేం గుడి నుంచి వచ్చేసరికి సల్ల అవ్వ కూతురు గేటు దగ్గర నిలబడి ఉంది. లోపలికొచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. అమ్మ తన నోటితో తనే చెప్పుకుంది. ఆరు కిస్తులు రాయలేదని చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. నేను అందించబోతే ఆమె వద్దన్నట్టు చెయ్యి ఎత్తింది. అంతా విన్నాక అడిగింది, "ఆ పుస్తకం ఉన్నదా?"

లేదు. క్వార్టరు ఖాళీ చేసినప్పుడే పోయింది.

"మా గోడ గూడ పడిపోయింది" అంది.

మాఫీ మాట ఆమె ఎత్తలేదు, అమ్మ అడగలేదు. చాయ్ తాగింది. అమ్మ కాళ్లకు పుండ్లు పడకుండా ఏం రాస్తున్నారని నన్ను అడిగింది. వెళ్లడానికి లేచి గుమ్మం దాకా పోయి చెప్పులు వేసుకుంటూ ఆగింది.

"మా అవ్వ పేరు మీ అమ్మకు ఎరుకేనా?"

నేను తల దించుకున్నాను. ఆమె చెప్పులు విప్పి మళ్లీ లోపలికి వచ్చింది. మంచం మీదికి వంగి అమ్మ చెవిలో ఆ పేరు చెప్పింది. అమ్మ పలకబోయింది, మూతి సహకరించలేదు. ఆమె మళ్లీ చెప్పింది, విడగొట్టి, పిల్లలకు అక్షరాలు చెప్పినట్టు. రెండోసారీ సగమే వచ్చింది. మూడోసారి అడ్డదిడ్డంగానైనా పూర్తిగా వచ్చింది. ఆమె వెళ్లిపోయాక కూడా, సాయంత్రం దీపాలు పెట్టేదాకా, అమ్మ గోడ వైపు తిరిగి ఆ పేరు పలుకుతూనే ఉంది.